పట్టా దాటిన ఓటు

ఖుష్నుమా చెయ్యి ఇస్త్రీ రోలర్లోకి పోయినప్పుడు అరిచింది ఆమె కాదు, మేము. ఆమె నోరు తెరిచే ఉంది. అందులోంచి శబ్దం రాలేదు. తడి దుప్పటి ముందు పోయింది, దాని వెంట నాలుగు వేళ్ళు పోయాయి. కలీముల్లా చాచా బాయిలర్ దగ్గర్నుంచి ఉరికొచ్చి మెయిన్ స్విచ్ పీకేదాకా రోలర్ తిరుగుతూనే ఉంది.

ఎందుకు ఆగలేదో చెప్తాను, వినండి. ఆ మిషన్ ముందు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే మిషన్ ఆగాలి. కానీ దుప్పటి కొస తగిలినా ఆగుతుంది. ఆగితే పని వెనకబడుతుంది. అందుకని సూపర్‌వైజరు చినిగిన దిండు గలీబు పీలికతో ఆ కడ్డీని వెనక్కి కట్టించాడు. రెండు నెలలుగా అది అట్లాగే ఉంది. మా అందరికీ తెలుసు. ఖుష్నుమాకు కూడా తెలుసు.

ఆమెను ఆటోలో ఎక్కించారు. ఆటో గేటు దాటకముందే సూపర్‌వైజరు రిజిస్టరు తెరిచి రాశాడు: ఇంటి దగ్గర గాయం.

"ఇల్లా ఇది?" అని మార్త రిజిస్టరు మీద చెయ్యి పెట్టింది. "ఇల్లే అయితే, ఏదీ? కుర్చీ వెయ్యి, కూసుంట. చాయ్ పొయ్యి."

మేము ఎనభై నాలుగు మందిమి. లాలాగూడ రైల్వే గోడ పక్కన మా లాండ్రీ. సికింద్రాబాదు నుంచి కదిలే రైళ్ళలో ఏసీ బోగీ ఎక్కినవాళ్ళు కప్పుకునే దుప్పటి, తల కింద పెట్టుకునే గలీబు మేము ఉతికినవే. కానీ మేము రైల్వేవాళ్ళం కాము. కాంట్రాక్టరు మనుషులం. గోడకు అవతల పర్మినెంటోళ్ళు. వాళ్ళకు క్యాంటీన్, తోలు బూట్లు, జ్వరమొస్తే సెలవు. మధ్యాహ్నం వాళ్ళ పప్పు తాలింపు వాసన గోడ దూకి మా డబ్బాల మీదికొస్తుంది. అసూయ పాపమని చర్చిలో చెప్తారు, మసీదులోనూ చెప్తారు. అయినా పడ్డాం. రోజూ పడ్డాం. దాన్ని దాచుకుని కథ చెప్పడం నాకు రాదు.

మార్త మా కార్మిక సంఘం శాఖకు సెక్రటరీ. పదకొండేళ్ళ నుంచి ఆమే. యాభై దాటింది, మోకాళ్ళ నొప్పులు, కానీ ఆమె గొంతెత్తితే బాయిలర్ చప్పుడు వినపడదు. తెలంగాణ కొట్లాటలో పట్టాల మీద కూర్చుని రైళ్ళు ఆపిన మనిషి. హదస్సాకు ఇరవై నాలుగు. పొద్దున మడతల బల్ల దగ్గర దుప్పట్లు మడుస్తుంది, సాయంత్రం లా కాలేజీకి పోతుంది. వాళ్ళ నాన్న తెనాలి నుంచి ఇక్కడి మిషన్ స్కూల్లో పంతులుగా వచ్చాడు. ఆయన పోయాక ఆ పిల్లను లాండ్రీలో పనికి పెట్టించింది మార్తే. మొదటి నినాదం నేర్పిందీ మార్తే.

మా శాఖ ఒక పెద్ద సమాఖ్యలో భాగం. ఆరేళ్ళ కింద మేమే సంతకాలు పెట్టి చేరాం. చిన్న సంఘం ఒంటరిగా ఏం చేస్తుంది, పెద్ద చేతిలో చెయ్యి వేస్తే బలం అనుకున్నాం. ప్రమాదం జరిగిన రోజే మార్త సమాఖ్య పేరు మీద సమ్మె నోటీసు ఇచ్చింది. కొత్త చట్టం ప్రకారం పద్నాలుగు రోజులు ఆగాలి. కడ్డీ విప్పాలి, ఖుష్నుమాకు పనిలో దెబ్బ తగిలిందని రాయాలి, నయమయ్యాక ఆమెకు చెయ్యగలిగే పని ఇవ్వాలి. అడిగింది ఇంతే.

పదో రోజున సమాఖ్య నాయకుడు జయకృష్ణ కారులో వచ్చాడు. గేటు దగ్గర ఒక్కొక్కరికీ దండం పెట్టాడు. ఆఫీసులోకి పోయాడు. గంట తర్వాత బయటికి వచ్చి, అంతా సర్దేశానన్నాడు. ఒప్పందం కాగితం హదస్సా చదివింది. కార్మికురాలి నిర్లక్ష్యం వల్ల గాయమైంది. యాజమాన్యానికి బాధ్యత లేదు. ఆమె పేరు పని పట్టీ నుంచి తీసేయడమైనది. కింద జయకృష్ణ సంతకం. సంతకం పక్కన: కార్మికుల తరఫున.

"ఎవల తరఫున?" అంది మార్త.

"మీ తరఫునే అమ్మా. నోటీసు సంగతి కూడా నేను చూసుకుంటా. పెద్దది చెయ్యకండి."

"మాకొద్దు నీ తరఫు. మేం నీ సమాఖ్యల ఉండం."

జయకృష్ణ నవ్వాడు. "ఈ దేశంలో రాష్ట్రానికే లేదమ్మా విడిపోయే హక్కు. కోట్లమంది ఉన్న రాష్ట్రం లేచి నేను పోతానంటే చట్టం ఒప్పుకోదు. ఎనభై నాలుగు మంది దుప్పట్లు ఉతికేవాళ్ళు విడిపోతారా?"

కారు పోయింది. ఆ నవ్వు మాత్రం పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మీటింగు. మా మీటింగులు షెడ్డు వెనక జరుగుతాయి. అక్కడ ఒక పాత రైలు పట్టా ఉంది. దాని మీద బండి నడిచి ఇరవై ఏళ్ళయింది, మధ్యలో గడ్డి. దాన్ని చచ్చిన పట్టా అంటాం. మా ఓటు దాని మీదే. అవునన్నవాళ్ళు గోడ వైపు, కాదన్నవాళ్ళు మురుగు నీళ్ళ మోరీ వైపు. సెక్రటరీ పట్టా మీద నిలబడి లెక్కపెడుతుంది, ఆమెకు ఓటు లేదు. లేపిన చెయ్యిని ఎప్పుడైనా దించొచ్చు. దాటిన కాలును అందరూ చూస్తారు. అందుకే ఆ పద్ధతి.

"తెలంగాణ వచ్చిందా లేదా?" కలీముల్లా చాచా షురూ చేశాడు. "విడిపోయినమా లేదా? ఆ కారాయన రాష్ట్రానికి హక్కు లేదంటడేంది?"

"అది వేరు చాచా," అంది హదస్సా. "మనం విడిపోయింది పక్క రాష్ట్రం నుంచి, దేశం నుంచి కాదు. అదీ మనమే గీత గీసుకోలేదు. రాజ్యాంగం మూడో అధికరణం. కొత్త రాష్ట్రం చెయ్యాలన్నా పాతదాన్ని కొయ్యాలన్నా పార్లమెంటుదే చెయ్యి. అసెంబ్లీని అడుగుతారు, కానీ అది వద్దన్నా ఆగదు."

"మరి దేశం నుంచి?"

"దానికి తలుపు లేదు. బాబాసాహెబు రాజ్యాంగ సభలోనే చెప్పారు. రాష్ట్రాలు ఒప్పందం రాసుకుని కలిసినవి కావు, కాబట్టి విడిపోయే హక్కు లేదని. అమెరికాలో దాని కోసం యుద్ధమే జరిగింది, తర్వాత వాళ్ళ సుప్రీంకోర్టు కూడా లేదనే అంది. సోవియట్ వాళ్ళు హక్కు ఉందని రాసుకున్నారు, కానీ ఎట్లా పోవాలో డెబ్భై ఏళ్ళ దాకా రాయలేదు. కెనడాలో కోర్టు మధ్యస్తంగా చెప్పింది. ఒక్కళ్ళే లేచి పోతామంటే చట్టం ఒప్పుకోదు. కానీ జనంలో ఎక్కువమంది స్పష్టంగా అడిగితే మిగతావాళ్ళు కూర్చుని మాట్లాడి తీరాలి."

"లోపలికి పోవుడే తప్ప బయటికి రానిదేంది?" అన్నాడు చాచా. "మా దాంట్ల ఆడిదానికి ఖులా సుత ఉన్నది. మొగుణ్ణి వద్దనుకుంటె ఇడిచి పోవచ్చు."

ఆడవాళ్ళు నవ్వారు. కమలాబాయి ఆవలించింది. ఆమె లాండ్రీలో అందరికన్నా పాత మనిషి.

"అసలు మాట ఇది," హదస్సా గొంతు పెంచింది. "జయకృష్ణ గారు దేశాన్ని చూపించి మనల్ని భయపెట్టారు. కానీ దేశం వేరు, సమాఖ్య వేరు. రాష్ట్రాలు సంతకం పెట్టి చేరలేదు. మనం పెట్టాం. చేత్తో రాసి చేరినవాళ్ళు చేత్తో రాసి బయటికి రావచ్చు. సమాఖ్య రూల్ బుక్కులో పోకూడదని లేదు. ఎట్లా పోవాలో కూడా లేదు. అందుకని జాగ్రత్తగా పోవాలి. ముందు మన పేరు మీద కొత్త సంఘం రిజిస్టరు చేద్దాం. తర్వాత రాజీనామా. అప్పుడు కొత్త సంఘం పేరుతో మళ్ళీ నోటీసు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఇదుగో ఫారం నింపుకొచ్చాను, సంతకాలు కావాలి."

ఆమె కాగితం మార్త చేతికిచ్చింది.

మార్త మొహం మేము చూశాం. పదకొండేళ్ళుగా ఆమె వైపు తిరిగి ఉన్న ఎనభై మొహాలు ఆ అరగంట హదస్సా వైపు తిరిగి ఉన్నాయి. ఇంట్లో కొత్త కోడలి వంట అందరూ మెచ్చుకుంటుంటే అత్త నీళ్ళ చెంబు కోసం లేచినట్టు, మార్త కళ్ళు కాగితంలోకి పోయాయి. అందులో ఏముందో అప్పుడు మాకు తెలియదు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి డబ్బా సంచిలో వేసింది.

తర్వాత పట్టా ఎక్కింది.

"ఓపిక పట్టాల్నంట," అంది. "ఖుష్నుమా వేళ్ళు ఓపిక పట్టినయా? తెలంగాణ మేం ఫారాలు నింపి తెచ్చినమా? రోడ్డు మీద వంట చేసినం, పట్టాల మీద పండుకున్నం, తెచ్చినం. విడిపోవుడు మాకు నేర్పనీకి నువ్వెవరు పిల్లా? మీ నాయిన ఆ రోజుల్ల సమైక్యమన్నోడు. ఆంధ్రోళ్ళ బిడ్డవు, నీకేం తెలుసు మా కడుపుమంట!"

హదస్సా లాలాగూడ రైల్వే ఆసుపత్రి పక్క సందులో పుట్టిన పిల్ల. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరం నోరు విప్పలేదు. సిగ్గుతో చెప్తున్నాను, నేనూ విప్పలేదు. ఎందుకంటే పాత రోజులు గుర్తొచ్చాయి, ఒళ్ళు పులకరించింది. ప్రకటిస్తే చాలు వచ్చేస్తుందని మేము నమ్మాం. ఈ ఊరివాళ్ళం తప్ప ఇంకెవరూ అట్లా నమ్మరేమో. ఒకసారి గెలిచినవాళ్ళకు ఆ గెలుపు వెనకున్న కాగితాలు కనపడవు.

"ఇప్పుడే విడిపోతున్నం! నోటీసు గడువు దాటంగనే సమ్మె! అవునన్నోళ్ళు గోడ దిక్కు!"

డెబ్భై మంది గోడ వైపు నడిచాం. ఖుష్నుమా ఆసుపత్రిలో ఉంది. మోరీ వైపు హదస్సా, చాచా, ఇంకో పదిమంది. ఓడిపోయాక హదస్సా ఒక్క మాటే అంది: "సరే. అందరూ ఎటో నేనూ అటే." పట్టా దాటి గోడ వైపు వచ్చి నిలబడింది.

గడువు దాటింది. మూడు రోజులు పండగ. సమాఖ్య బోర్డు పీకేశాం. సమ్మె మొదలైంది. గేటు ముందు రోడ్డు మీద రాళ్ళు పెట్టి వంట చేశాం. కమలాబాయి పచ్చిపులుసు, చాచా ఇంటి నుంచి బగారన్నం. గోడ అవతలి పర్మినెంటోళ్ళు ఇద్దరు వచ్చి తిని, మా క్యాంటీన్ కన్నా బాగుందన్నారు. మొదటిసారి వాళ్ళకు మామీద కుళ్ళు పుట్టింది. ఆ రోజు మార్త గొంతు కార్ఖానా బస్తీ దాకా వినపడి ఉంటుంది.

నాలుగో రోజు గేటుకు రెండు కాగితాలు అంటించారు. మొదటిది సమాఖ్యది: సమ్మె నోటీసు మా పేరు మీద ఉంది, దాన్ని గడువుకు ముందే వాపసు తీసుకున్నాం, సమాఖ్యకు బయట ఈ శాఖ అనేదే లేదు. రెండోది కాంట్రాక్టరుది: నోటీసు లేని సమ్మె చట్టవిరుద్ధం, అందరినీ తీసేశాం.

హదస్సా చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఆమె మాత్రం నేను చెప్పలేదా అనలేదు. అంటే బాగుండేది. అననందుకు మార్తకు ఇంకా మండింది.

ఆ మధ్యాహ్నమే జయకృష్ణ మార్తను మారేడ్‌పల్లిలో ఒక ఇరానీ హోటల్‌కి పిలిచాడు. ఒంటరిగా పోను అని మార్త కమలాబాయిని వెంట తీసుకుపోయింది. అక్కడి మాటలు కమలాబాయి మాకు ఒక్కటి పోకుండా చెప్పింది.

"మార్తమ్మా, నీ కష్టం నాకు తెలుసు," అన్నాడు జయకృష్ణ. "తప్పయిందని ఒక కాగితం రాసి సమాఖ్యలోకి రండి. ఎనభై రెండు మందిని తీసుకుంటారు. నేను మాట్లాడాను."

"ఎనభై నాలుగు మందిమి."

"ఖుష్నుమా ఎట్లాగూ పని చెయ్యలేదు. ఇంక ఆ లా చదివే పిల్ల. ఆ పిల్ల ఉన్నన్ని రోజులు నువ్వు సెక్రటరీగా ఉంటావా? ఆలోచించుకో. నిన్ను చూడాల్సినవాళ్ళు ఎవరిని చూస్తున్నారు?"

మార్త చాయ్ చల్లారిపోయిందట. "బిస్కట్లు మాత్రం నేను తిన్న," అంది కమలాబాయి. "ఆయన బిల్లు కట్టిండు గద."

మర్నాడు పదింటికి చచ్చిన పట్టా దగ్గర అందరం. గేటు బయట పోలీసు వ్యాను ఆగి ఉంది. అంతకుముందే ఆసుపత్రి నుంచి ఖుష్నుమా వచ్చింది. కుడి చెయ్యి తెల్లటి మూట. ఎవరి వైపూ చూడకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

మార్త పట్టా ఎక్కింది. జయకృష్ణ చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఎనభై రెండు లోపలికి, ఇద్దరు బయటికి. మా ఇళ్ళల్లో పిల్లల ఫీజులు, కిరాయిలు, మందులు ఎట్లా ఉంటాయో కార్మికులకు నేను చెప్పక్కర్లేదు. కొందరి కళ్ళు నేల చూశాయి. ఒకామె మెల్లగా అంది: "అక్కా, ఇద్దరే కదా."

"ఓటు పెడుత," అంది మార్త. "దానికన్న ముందు జెర ఒక మాట వినుండ్రి."

డబ్బా సంచిలోంచి కాగితం తీసింది. మడతల దగ్గర నూనె మరక.

"ఇది హదస్సా ఇచ్చిన ఫారం. గిన్ని రోజులు నా దగ్గరనే ఉన్నది. మీకు చూపియ్యలే. దీంట్ల మొదటి పేరు, అధ్యక్షురాలు, హదస్సా. నా పేరు నాలుగోది. ఉత్త మెంబరు." ఆమె గొంతు మొదటిసారి పగిలింది. "నాకు కండ్లమంట. గీ పిల్ల మాట్లాడుతుంటె మీరు దాని దిక్కు చూస్తున్నరని. దాని మాట సరైందని నాకు తెలుసు. తెలిసే మిమ్ముల పట్టా దాటించిన. దాని పుట్టుకను తిట్టిన. మీ నౌకరీలు నా కడుపుమంటల కాలినయి. నిన్న ఆ కారాయన ఆ మంట మీదనే చలి కాగుదమని చూసిండు."

వ్యాను దగ్గర వాకీటాకీ గరగరమంటోంది.

"ఆంటీ," అంది హదస్సా. "మొదటి పేరు నాది ఎందుకు రాశానో చెప్పనా? మిమ్మల్ని అడక్కుండా రాశాను. నాకూ కుళ్ళే. మీరు ఒక్క కేక వేస్తే ఎనభై మంది లేస్తారు. నేను గంట మాట్లాడితే కమలాబాయి ఆవలిస్తుంది."

"నిజమేనమ్మ," అంది కమలాబాయి. "మంచిగనే చెప్తవు గని, నిద్రొస్తది."

నవ్వాం. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

"పేరు కొట్టేయమంటే కొట్టేస్తాను ఆంటీ."

"కొట్టెయ్యకు. ఉండనియ్యి. సంఘం పుట్టినంక ఎలక్షన్ పెట్టు. నీ మీద నేను పోటీ చేస్త. చూద్దాం మనల ఎవరు గెలుస్తరో." మార్త ముక్కు చీదింది. "కానీ గీ సంఘం రూల్ బుక్కుల ఒకటి రాయి. పోయేటోళ్ళకు తలుపు రాయి. మేం నచ్చకపోతె, ఎక్కువ మంది పట్టా దాటితె, పోవచ్చని రాయి."

"అట్లా రాస్తే రేపు అందరూ పోతే?"

"పోతె మనం మంచోళ్ళం కాదన్నట్టు. తలుపు తాళమేసి ఉంచుకుంటె అది సంఘమా, జైలా?"

చాచా చప్పట్లు కొట్టాడు. "ఇగో, ఇది ఖులా అంటె!"

"ఇప్పుడు ఓటు," అంది మార్త. "తప్పయిందని రాసిచ్చి ఇద్దరిని ఇడిచి లోపలికి పోయేటోళ్ళు మోరీ దిక్కు. ఎనభై నాలుగు మందిమి కలిసి బయటనే ఉండి, కొత్త సంఘం పెట్టి, మళ్ళ నోటీసిచ్చి కొట్లాడేటోళ్ళు గోడ దిక్కు."

అని పట్టా దిగింది. పదకొండేళ్ళలో ఓటు రోజున సెక్రటరీ పట్టా దిగడం అదే మొదలు. మోకాలు పట్టుకుని, ఒక్కొక్క అడుగూ వేసి, గోడ వైపు పోయి ఖుష్నుమా పక్కన నిలబడింది. హదస్సా వెంట పోయింది. చాచా పోయాడు. ఇద్దరే కదా అన్న ఆమె అందరికన్నా ముందు పరిగెత్తింది, చెప్పు పట్టాల మధ్య గడ్డిలో ఇరుక్కుంటే వదిలేసి పోయింది. లెక్కపెట్టడానికి పట్టా మీద ఎవరూ లేరు. అవసరం పడలేదు. మోరీ వైపు ఒక్క మనిషి లేదు.

తీసేసినవాళ్ళు లోపలికొచ్చారని కాంట్రాక్టరు ఫిర్యాదు చేస్తే, గేటు తీసుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "లీడర్ ఎవరు ఇక్కడ?"

"ఆమె ప్రెసిడెంటు," మార్త హదస్సాను చూపించింది.

"ఆవిడ గొంతు," హదస్సా మార్తను చూపించింది. "గొంతు లేకుండా ప్రెసిడెంట్‌ను తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు?"

ఇద్దరినీ పట్టుకున్నారు. మార్త ఒక్క నిమిషం ఆగమంది. ఫారం హదస్సా వీపు మీద పరిచి, నాలుగో వరుసలో, ఉత్త మెంబరు అని ఉన్నచోట సంతకం పెట్టింది. కాగితం కమలాబాయి చేతిలో పెట్టింది. వ్యాను ఎక్కుతుంటే మాకు వినపడింది:

"కిటికీ దిక్కు నేను కూసుంట."

"నాకు కడుపులో తిప్పుతుంది ఆంటీ, నన్ను కూర్చోనివ్వండి."

"పెద్దదాన్ని నేను!"

తలుపు పడింది. వ్యాను కదిలింది. మేము అక్కడ నిలబడిపోయాం. పదకొండేళ్ళుగా నినాదం మార్త ఇచ్చేది, మేము అందుకునేవాళ్ళం. మాట హదస్సా చెప్పేది, మేము వినేవాళ్ళం. ఇప్పుడు గొంతూ లేదు, మాటా లేదు. సూపర్‌వైజరు ఆఫీసు మెట్ల మీద చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వీళ్ళింక ఇళ్ళకు పోతారని అతని మొహంలో రాసి ఉంది.

అప్పుడు గోడ దగ్గర్నుంచి ఒక కేక లేచింది. అది మాకు తెలిసిన గొంతు కాదు. సన్నగా, బొంగురుగా, మధ్యలో విరిగిపోతూ. తిరిగి చూశాం. ఖుష్నుమా. రోలర్ ముందు తెరుచుకుని ఉండిపోయిన ఆ నోట్లోంచి, పంతొమ్మిది రోజుల తర్వాత, శబ్దం వచ్చింది.

"ఎంత మందిమి?"

"ఎనభై నాలుగు!"

"ఎంత మందిమి?"

"ఎనభై నాలుగు!"

అరుస్తూనే ఆమె కమలాబాయి దగ్గరికి నడిచింది. కాగితం తీసుకుంది. పెన్ను ఎడమ చేతిలో పట్టుకుంది, జారింది, మళ్ళీ పట్టుకుంది. అయిదో వరుసలో తన పేరు రాసింది. అక్షరాలు వంకరగా, పెద్దగా, పక్కవాళ్ళ చోటు కూడా ఆక్రమించుకుని ఉన్నాయి. ఆమె వెనక వరుస కట్టాం.

ఉతికి పెట్టిన నిల్వ ఆ సాయంత్రానికి అయిపోయింది. సికింద్రాబాదు నుంచి కదిలిన రైళ్ళలో ఏసీ బోగీల వాళ్ళు దుప్పటి ఏదని అడిగారట. లేదని చెప్పారట. ఎందుకు లేదని అడిగినవాళ్ళకు జవాబు ఇదే.